‘సే ఎగైన్’ అనే ధైర్యం

చెన్నై ఈస్ట్‌కోస్ట్ రోడ్డులో, ఉత్తండి దగ్గర ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఉంది. 2008లో ఏర్పడింది. ఆ చుట్టుపక్కల నావిక విద్య నేర్చుకుంటున్న వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. రేపు వాళ్లెక్కే ఓడలో కెప్టెన్‌ది ఒక దేశం, ఇంజినీరుది మరో దేశం కావచ్చు. అందరికీ ఉమ్మడి భాష ఇంగ్లీషే. మరి ఆ ఇంగ్లీషు నేర్పే పాఠం ఎలా ఉండాలి?

1990 ఏప్రిల్ 7న స్కాండినేవియన్ స్టార్ అనే ప్రయాణికుల ఓడలో మంటలు లేచి 159 మంది చనిపోయారు. సిబ్బంది మాట ప్రయాణికులకు, ప్రయాణికుల మాట సిబ్బందికి అర్థం కాకపోవడం ఆ ఘోరాన్ని మరింత పెంచింది. 2001లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఓడల మీద వాడవలసిన ప్రామాణిక వాక్యాలను ఆమోదించింది. వాటిని చదివితే ఎంత శ్రద్ధగా కూర్చారో తెలుస్తుంది. దిశ 150 డిగ్రీలైతే ‘వన్ ఫైవ్ జీరో’ అని ఒక్కో అంకె విడిగా పలకాలి. చుక్కాని కోణం 15 అయితే మాత్రం ‘ఫిఫ్టీన్’ అనే అనాలి. అడిగినదానికి ‘యెస్’ అని ఊరుకోకూడదు, వెంటనే ఆ వాక్యమంతా తిరిగి చెప్పాలి. సరిగా వినబడకపోతే ‘సే ఎగైన్’ అనాలి.

మన పిల్లలకు అన్నిటికన్నా కష్టం ఈ చివరిదే. తరగతిలో లేచి అర్థం కాలేదనడం మనకు నామోషీ. తల ఊపేస్తే మర్యాద నిలుస్తుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన కుర్రాడికి ఆ బెరుకు రెండింతలు. అలవాటుగా ‘యెస్ సర్’ అనేసి, చుక్కాని ఎటు తిప్పాలో తెలియక నిలబడితే, ఆ ఓడలో అందరి ప్రాణాలూ ప్రమాదంలో పడతాయి.

అందుకే ఈ పాఠాలు కాగితం మీద కన్నా చెవికి ఎక్కువ అందాలి. రేడియో గరగరల మధ్య ఫిలిప్పీన్స్, చైనా, ఉక్రెయిన్ నావికుల యాసలు వినిపించాలి. కొన్ని వాక్యాలను కావాలనే సగంలో ఆపి, మళ్లీ చెప్పమని అడిగిన విద్యార్థికి మార్కు వేయాలి. మొదటి వారాల్లో వివరణ తెలుగులోనో తమిళంలోనో ఉంటే తప్పేమీ లేదు. వ్యాకరణం నెమ్మదిగా వస్తుంది.

ఇలాంటి పాఠాల పుస్తకం ఒక్కరి వల్ల అయ్యేది కాదు. భాష నేర్పేవాళ్లు, సముద్రం మీద ఏళ్లు గడిపిన విశ్రాంత కెప్టెన్లు ఒక బల్ల దగ్గర కూర్చుని రాయాలి. చెన్నైలో ఈ ఇద్దరికీ కొదవ లేదు.