ఫొటో నాది... పేరెవడిది?

గోపాలపట్నం నుంచి ఒక కుర్ర పాఠకుడు ఉత్తరం రాశాడు. నిండా కోపమే! అభిమాన హీరో సినిమా రిలీజు రోజున తెల్లారకుండా లేచి, హాలు ఎదుటి మేడెక్కి, కటౌట్‌కి పాలాభిషేకం జరుగుతుంటే ఫొటో తీశాట్ట. ఇంటికొచ్చి టిఫిను తినేలోగా ఆ బొమ్మ ఊళ్లో ఫోన్లన్నీ తిరిగేసింది... మూలన మరెవరో అభిమాన సంఘం పేరుతో! "ఫొటో నాది గురూగారూ, పేరు ఆడిదెట్టుకున్నాడు. నానేటి సెయ్యాలి?" అని ప్రశ్న.

వాటర్‌మార్కు వెయ్యాలి తమ్ముడూ. తెలుగులో నీటిముద్ర. వంద రూపాయల నోటు వెలుతురుకు పట్టి చూస్తే గాంధీగారు కనిపిస్తారే, అదే! ఇటలీలో ఫాబ్రియానో అనే ఊరి కాగితం పనివాళ్లు 13వ శతాబ్దంలోనే తమ సరుకు మీద ఇలాంటి గుర్తు వేసుకున్నారు. మన స్టూడియోల వాళ్లు ఫొటో అట్ట మూలన ఉబ్బెత్తు ముద్ర నొక్కేవారు. బాపుగారి 'సాక్షి' (1967)తో పబ్లిసిటీ రంగంలోకొచ్చిన ఈశ్వర్, పోస్టరు మీద తన సంతకం పెట్టేవారు. చెయ్యి నాది అని చెప్పుకోవడంలో సిగ్గేముంది!

ఇక పని సంగతి. గింప్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. 1995లో కాలిఫోర్నియాలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టింది. పైసా ఇవ్వక్కర్లేదు. అందులో ఫొటో తెరిచి, అక్షరాల పనిముట్టు తీసుకుని నీ పేరు టైపు చెయ్యి. తెలుగులోనే చెయ్యి, ఏం? ఆ పేరు వేరే లేయర్ మీద పడుతుంది. లేయరంటే ఫొటో మీద పరిచిన గాజుపలక అనుకో. దాని ఒపాసిటీ ముప్ఫై, నలభైకి తగ్గిస్తే పేరు పొగమంచులా పలచబడుతుంది. తర్వాత ఎక్స్‌పోర్ట్ కొట్టి, వేరే పేరుతో దాచు. అసలు ఫొటో మీద మాత్రం చెయ్యి పెట్టకు. అది నీ నెగెటివ్!

వంద ఫొటోలున్నాయా? బోస్నియాలో పుట్టిన ఇర్ఫాన్ అనే ఆయన 1996లో వదిలిన ఇర్ఫాన్‌వ్యూలో 'బి' మీట నొక్కితే, అన్నిటికీ ఒక్క దెబ్బలో ముద్ర వేసే ఏర్పాటుంది. ఇంటి వాడకానికి అదీ ఉచితమే.

అయితే ముద్ర ఎక్కడ వెయ్యాలన్నదే అసలు కిటుకు. మూలన వేస్తే కత్తిరించడానికి పిల్లాడు చాలు. హీరోగారి ముఖం మీద వేస్తే నిన్నే తిడతారు. పాలధార పడేచోటో, జనం చేతులు లేచినచోటో పలచగా వెయ్యి... చెరపాలంటే బొమ్మ చెడాలి. ఇంకోటి. ఒకే ముద్ర వందల ఫొటోల మీద ఉంటే కంప్యూటరే దాన్ని పసిగట్టి తుడిచేయగలదని 2017లో గూగుల్ పరిశోధకులు చేసి చూపించారు. చోటు మార్చినంత మాత్రాన లాభం లేదు, ఫొటో ఫొటోకీ ముద్ర వంపు కాస్త మారుస్తూ ఉండు. ఎంత చేసినా గట్టి దొంగ ఆగడనుకో. ఇళ్లకు తాళాలు వేసుకోవడం మానేశామా?

అన్నట్టు, ముద్ర వేస్తేనే హక్కొస్తుందనుకోకు. నీ సరదాకి నువ్వు తీసిన ఫొటో, తీసిన క్షణం నుంచే నీది. 1957 కాపీరైట్ చట్టం ఉన్నది అందుకే. హక్కుదారు పేరును తెలిసి తెలిసి చెరిపేస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అని 2012లో ఒక సెక్షను కూడా చేర్చారు. కాకపోతే పెళ్లివాళ్లు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, హక్కుదారు వాళ్లే. అక్కడ తొందరపడి ముద్రలు గుద్దకు!

ఇప్పుడు మిగతా పాఠకులకి ఒక మాట. కోపగించుకోకండేం! మన వైజాగులోనూ, భీమిలిలోనూ తీసిన 'మరోచరిత్ర' (1978) ఎంత అందమైన బ్లాక్ అండ్ వైట్ సినిమా! అలాంటి పాత సినిమాల స్టిల్సు పత్రికల్లోంచి స్కాన్ చేసి, వాటి మీద సొంత పేజీ పేరు అడ్డంగా వేసుకునే వీరాభిమానులు మనలోనూ ఉన్నారు. ఎండలో నిలబడి, షాటుకీ షాటుకీ మధ్య దొరికిన రెండు నిమిషాల్లో ఆ స్టిల్ తీసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. గోపాలపట్నం కుర్రాడికి జరిగిందీ, ఈయనకి జరిగిందీ ఒకటి కాదూ? స్కాన్ చేసే ఓపిక ఉన్నవాళ్లు టైటిల్సులో 'స్టిల్స్' అనే కార్డు దగ్గర ఒక్క క్షణం ఆపి, ఆ పేరు చూసి కింద రాయండి. బొమ్మకి విలువా పెరుగుతుంది.

తమ్ముడూ, పోయిన ఫొటో సంగతి. నీ ఫోనులో అసలుది పూర్తి సైజులో ఉందిగా? దానిలో తేదీ, టైమూ ఉంటాయి. దాని ముందూ వెనకా తీసిన నాలుగు ఫొటోలు కూడా ఎవరికీ పంపకుండా దాచు. అవి ఆ సంఘం వాళ్ల దగ్గర ఉండవు కదా! అవి చూపించి, పేరు మార్చమని మర్యాదగా అడుగు. వినకపోతే ఆ బొమ్మ పెట్టిన చోటే కాపీరైటు ఫిర్యాదు చేసే వీలుంటుంది, అది వాడు.

మళ్లీ రిలీజుకి మేడెక్కితే మాత్రం పిట్టగోడ మీదకెక్కకు నాయనా!