ఒంటె నీడలో చిన్నాయన

పోయిన ఆదివారం హన్మకొండలో వేయిస్తంభాల గుడి దగ్గర ఒంటె కనిపించింది. పిల్లల్ని ఎక్కించుకుని నాలుగడుగులు తిప్పే ఒంటె. అక్క కూతురు ఎక్కుతానని ఒకటే గొడవ. రీల్ తీద్దామని నేను ఫోన్ తీశా. మా చిన్నాయన మాత్రం దాని దగ్గరికి పోయి, ఒంటె తోలే అతన్ని హిందీలో అడిగాడు, "నీళ్లు ఎప్పుడు తాపినవ్?" అని.

చిన్నాయన సౌదీలో మూడేళ్లు ఒంటెలు కాశాడు. డ్రైవర్ పని అని పంపితే తేలింది ఎడారిలో. ఆ సంగతి మా ఇంట్లో ఎవరం ఎత్తం. ఆయనా చెప్పడు.

"తాతా, మూపురంల నీళ్లుంటయా?" అంది పాప.

"నీళ్లు కాదు బిడ్డా, కొవ్వు. మేత లేనప్పుడు అదే కరుగుతది."

మరి నీళ్లు లేకుండా ఎలా? తర్వాత కూర్చుని చదివా. దాచుకోవడం కాదు, ఖర్చు తగ్గించడమే అసలు కిటుకు. మనకు ఒంటి వేడి కాస్త పెరిగితే చాలు, చెమట. దాహంతో ఉన్న ఒంటె తెల్లారేసరికి 34 డిగ్రీల దాకా చల్లబడి, పగలు 41 దాకా వేడెక్కుతుంది. చెమటకు నీళ్లు తగలేయకుండా ఆ వేడిని రాత్రి చలిగాలికి వదిలేస్తుంది. బరువులో పావు వంతు నీళ్ల రూపంలో పోయినా నడుస్తుంది. మనకు అందులో సగం పోతే ప్రాణం మీదికొస్తుంది. ఇక నీళ్లు దొరికాయా, పది పదిహేను నిమిషాల్లో వంద లీటర్లు. మనింటికొచ్చే వాటర్ క్యాన్లు ఐదన్నమాట! అంత నీరు ఒక్కసారే రక్తంలో కలిస్తే మన ఎర్రకణాలు పగిలిపోతాయి. కోలగా ఉండే ఒంటె కణాలు రెట్టింపు ఉబ్బినా తట్టుకుంటాయి.

చిన్నాయనకు ఈ లెక్కలు తెలియవు. ఆయన కళ్లారా చూసింది చెప్పాడు. "మద్యాన్నం ఎండకు ఎదురుంగ కూసుంటయ్, ఒకదాన్నొకటి ఆనుకుని. నేను వాటి నీడల కూసునేటోణ్ని." అలా కూర్చుంటే ఒంట్లో ఎండ తగిలే భాగం తగ్గుతుందట. ఇదీ తర్వాత చదివిందే.

"నీళ్ల ట్యాంకర్ రాని రోజు?" అని అడిగా.

"వాటికేం కాదు" అన్నాడు. తన సంగతి చెప్పలేదు.

ఈ ఒంటె వానాకాలం కూడా ఇక్కడే ఉంటుందట. చిన్నాయన మొహం మారింది. ఇసుకలో దిగబడని ఆ వెడల్పు పాదాలు తడి బురదలో జారతాయి. దానికి తోడు తడి నేలల్లో కుట్టే ఈగలు ఒంటెలకు సుర్రా అనే జబ్బు అంటిస్తాయి. ఎడారిలో రాజు, మన ముసురులో దిక్కులేనిది.

చిన్నాయన పక్క హోటల్లో అడిగి బకెట్‌తో నీళ్లు తెచ్చాడు. ఒకటి అయిపోయింది. రెండోది. మూడోదానికి నేనూ పోయా. పాప ఎక్కే సంగతే మర్చిపోయి బకెట్లు లెక్కపెడుతూ నిలబడింది.