ప్రోగ్రెస్ కార్డులో లేని సబ్జెక్టు

తొమ్మిదో తరగతిలో చేరిన రోజు నుంచీ మెలిండాతో పాత స్నేహితులెవరూ మాట్లాడరు. వేసవి సెలవుల చివర్లో జరిగిన పార్టీకి పోలీసులను పిలిచిందని అందరికీ కోపం. ఎందుకు పిలిచావని ఒక్కరూ అడగరు. ఆ రాత్రి తన మీద అత్యాచారం జరిగిందని చెప్పడానికి ఆ పిల్లకూ నోరు పెగలదు. అమెరికా రచయిత్రి లారీ హాల్స్ ఆండర్సన్ 1999లో రాసిన ‘స్పీక్’ నవల ఇది. కథంతా న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో నడుస్తుంది.

స్కూలు ఏడాదిలోని నాలుగు టర్ములే నవలకు నాలుగు భాగాలు. మధ్యమధ్య ఒక ప్రోగ్రెస్ కార్డు వస్తుంది. అందులో ఆల్జీబ్రా, బయాలజీల పక్కనే బట్టలు, మధ్యాహ్న భోజనం, స్నేహాలు కూడా సబ్జెక్టులే! నవ్వొచ్చే చోటే కలుక్కుమంటుంది. ఆ వయసులో అసలు ఫెయిలయ్యేది వాటిల్లోనే గదా. అమ్మానాన్నలకు మాత్రం మార్కులు పడిపోవడమే కనిపిస్తుంది. ఎవరి ఉద్యోగాల హడావిడి వాళ్లది. వంటింటి గట్టు మీద చీటీలు పెట్టుకుంటూ ముగ్గురూ రోజులు నెట్టుకొస్తుంటారు. మెలిండా స్కూల్లో ఎవరూ వాడని చిన్న గదిని వెతుక్కుని అందులో దాక్కుంటుంది. అక్కడి అద్దంలో తన మొహం చూసుకోలేక దానికి మాయా ఏంజెలో పోస్టరు అడ్డం పెడుతుంది. డ్రాయింగ్ మాస్టారు ఏడాది పొడవునా ఆమెతో చెట్టు బొమ్మే వేయిస్తాడు. చివరికి ఆమె నోరు విప్పుతుంది. గాయం మాయమైందని మాత్రం రచయిత్రి అబద్ధమాడదు. తనకూ పదమూడేళ్ల వయసులో అదే జరిగిందని ఆండర్సన్ 2019లో ‘షౌట్’ అనే పుస్తకంలో రాసింది. ‘స్పీక్’ను బడి లైబ్రరీల్లోంచి తీసేయమని అక్కడా గొడవలు జరిగాయి. భయపడే పెద్దలు ఎక్కడైనా ఉంటారు.

మరి మన పిల్లలకేముంది? చందమామ కథల వయసు దాటాక చేతికొచ్చేది వ్యక్తిత్వ వికాస పుస్తకం ‘విజయానికి ఐదు మెట్లు’. ఆ పుస్తకం మీద నాకు ఫిర్యాదు లేదు, దాని పని అది చేస్తుంది. కానీ ఎలా గెలవాలో చెప్పేవాళ్లు ఇంటర్ పిల్లలకు ఇప్పటికే బోలెడుమంది. వీకెండ్ టెస్టులో ర్యాంకు పడిపోయిన రాత్రి హాస్టల్ బాత్రూములో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి, ఆదివారం చూడ్డానికొచ్చిన నాన్నతో ‘బానే ఉన్నా’ అనే పిల్ల నాకు తెలుగు నవలల్లో తగల్లేదు. ఆ పిల్ల మనకు తెలియదని కాదు. ప్రతి వీధిలోనూ ఉంది.

ఇలాంటి నవలలు చదివితే లేనిపోని ఆలోచనలు వస్తాయని తల్లిదండ్రుల బెంగ. ఆ బాధ పడుతున్న పిల్లకు పుస్తకం కొత్తగా నేర్పేదేమీ ఉండదు, తనొక్కతే కాదని తెలుస్తుంది, అంతే. పుస్తకం వైద్యం కాదన్న మాటా నిజమే. అందుకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీదా ఉండాలి.

నవలల పోటీలు పెట్టే పత్రికలకు, సంస్థలకు ఒక మనవి. వచ్చే ఏడాది పోటీ పదహారేళ్ల పాఠకుల కోసం పెట్టండి. న్యాయనిర్ణేతల్లో ఇద్దరు ఇంటర్ పిల్లల్ని కూర్చోబెట్టండి. నీతులు చెప్పే రాతప్రతిని మొదటి వడపోతలోనే పక్కన పడేసే అధికారం వాళ్లకివ్వండి.