మాట్లాడే యంత్రం... మోసే భుజం!

పార్వతీపురం, విశాఖపట్నం, శ్రీకాకుళం, కర్నూలు... ఈ ఊళ్లకూ, కంప్యూటర్‌ విజ్ఞానానికి ఆద్యుల్లో ఒకడైన అలన్‌ ట్యూరింగ్‌ కుటుంబానికీ సంబంధముందంటే చాలామంది నమ్మరు. అలన్‌ తండ్రి జూలియస్‌ ట్యూరింగ్‌ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్‌ అధికారిగా ఈ ఊళ్లలో ఉద్యోగం చేశాడు. ఆ తర్వాత 1912లో అలన్‌ లండన్‌లో జన్మించాడు. మన తూర్పు కనుమల పాదాల దగ్గర అధికారం చెలాయించిన దొర కొడుకు, 1950లో లోకానికి ఒక పరీక్ష పెట్టాడు. తెర వెనుక ఒక మనిషి, ఒక యంత్రం ఉంటారు. పరీక్షకుడు ఇద్దరితోనూ రాతపూర్వకంగానే సంభాషిస్తాడు. ఎవరు మనిషో అతడు పోల్చుకోలేకపోతే యంత్రం నెగ్గినట్టే!

ఆ రోజు రానే వచ్చింది. 2025లో అమెరికాలోని శాన్‌డియాగోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 5 నిమిషాల సంభాషణలతో ఈ పరీక్ష జరిపారు. మనిషిలా నటించమని ఆదేశించిన జీపీటీ–4.5 యంత్రాన్ని పరీక్షకులు 73 శాతం సార్లు మనిషేనని తేల్చారు. పక్కనున్న అసలు మనిషిని యంత్రమనుకున్నారు!

దీనికి విశ్వాసులు కలవరపడాలా? ఆత్మను దేవుడు మనిషికే ఇచ్చాడు గనుక యంత్రం ఆలోచించలేదనే అభ్యంతరాన్ని ట్యూరింగే తన వ్యాసంలో ప్రస్తావించి, అలా అనడం దేవుని సర్వశక్తికి హద్దులు గీయడమేనని బదులిచ్చాడు. ఆ వాదన సంగతి పండితులు చూసుకుంటారు. మనల్ని మనం వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. అసలు మాటతీరును బట్టి మనిషిని కొలవడం న్యాయమేనా?

బైబిల్లో ఇలాంటి పరీక్ష ఒకటి ఉంది. యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు కాపు కాసి, దాటవచ్చిన ప్రతివాడి చేతా ‘షిబ్బోలెతు’ అనే మాట పలికించారు. ఎఫ్రాయిమీయుల నోరు ‘షి’ అనే అక్షరానికి తిరగలేదు. ఆ ఒక్క అక్షరానికి దొరికిపోయారు. ఆ పోరులో 42 వేలమంది ఎఫ్రాయిమీయులు హతమయ్యారు (న్యాయాధి 12:5–6). వాళ్లు పరాయివాళ్లేం కాదు, సొంత ఇశ్రాయేలీయులే!

మన చేతుల్లో కత్తులు లేవు గానీ, ఆ రేవు ఇంకా ఉంది. అరకు కొండల్లో కువి, కొండ, ఆదివాసీ ఒరియా భాషలు మాట్లాడే ఇళ్లున్నాయి. ఆ ఇంటి బిడ్డ బడిలో తెలుగు పాఠం అర్థం కాక మౌనంగా కూర్చుంటే ‘మొద్దు’ అని ముద్ర వేసేస్తాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే. ఆఫీసు కిటికీ దగ్గర తెలుగు తడబడే ముసలి తల్లిని కసురుకుంటాం. తడబాటు లేకుండా మాట్లాడే యంత్రానికి మాత్రం ‘అచ్చం మనిషే’ అని కితాబిస్తాం! పరీక్షలో తప్పింది ఎవరు? ఆ తల్లా, మనమా?

తియ్యని మాట యంత్రానికి కష్టం కాదని ఇప్పుడు రుజువైంది. బట్టా తిండీ లేనివాడికి ఏమీ ఇవ్వకుండా, చలి కాచుకో, కడుపు నింపుకో అని దీవించి పంపితే ఏం లాభమని యాకోబు ఏనాడో నిలదీశాడు (యాకోబు 2:15–16). మంచి సమరయుడి కథలోనూ అతడు ఆ గాయపడినవాడితో ఏం మాట్లాడాడో యేసుప్రభువు చెప్పలేదు. గాయాలు కట్టాడనీ, తన వాహనం మీద ఎక్కించాడనీ, సత్రంలో డబ్బు చెల్లించాడనీ చెప్పాడు (లూకా 10:34–35).

రోడ్డు లేని కొండ ఊళ్లో గర్భిణికి నొప్పులొస్తే డోలీ కట్టి మైళ్ల కొద్దీ మోసుకొచ్చే దృశ్యాలు మన్యానికి కొత్తకాదు. ఆ మోసేవారిలో చాలామందికి సభలో నాలుగు ముక్కలు మాట్లాడటం రాకపోవచ్చు. తెర వెనుక కూర్చోబెట్టి మాట్లాడిస్తే పరీక్షలో ఓడిపోనూవచ్చు. కానీ ఆమె ప్రాణం నిలిచేది వాళ్ల భుజాల మీదే! దేవుడు కూడా మానవాళికి మాట పంపి ఊరుకోలేదు, ఆ వాక్యమే శరీరధారియై మన మధ్యకొచ్చింది (యోహాను 1:14).

యంత్రం మనలా మాట్లాడటం నేర్చుకుంది, సంతోషమే. మనం యంత్రంలా మాట్లాడి ఊరుకోకుండా ఉంటే అంతకన్నా సంతోషం!