ఫర్లాంగులో నాగేటి చాలు

'మీ పొలం ఎంతదూరం తాతా?'

'ఎంతోలేదురా, కాలవకట్ట మీదుగా రెండు ఫర్లాంగులు!'

తెనాలి పక్కనున్న అంగలకుదురు లాంటి ఊళ్లలో పెద్దల నోట ఇప్పటికీ వినిపించే మాట ఇది. మెట్రిక్ కొలతలు తెస్తూ 1956లోనే చట్టం చేసినా ఫర్లాంగు మాత్రం నాలుక దిగలేదు. తమాషా ఏమిటంటే, ఆ మాట అన్న ప్రతిసారీ తాత తనకు తెలియకుండానే నాగలిని తలుచుకుంటున్నాడు.

నాగేటి చాలును ఇంగ్లిషులో 'ఫరో' అంటారు. పాత ఇంగ్లిషులో అది 'ఫుర్హ్'. పొడవు అనే అర్థమున్న 'లాంగ్' దానికి తోడై ఫర్లాంగు పుట్టింది. అంటే 'చాలంత పొడవు' అన్నమాట. ఆ పొడవు చివరికి 220 గజాల దగ్గర స్థిరపడింది. మైలులో ఎనిమిదో వంతు. దాన్ని 22 గజాల వెడల్పుతో గుణించి చూడండి... 4,840 గజాలు. మన ఎకరం! ఒక కాడి ఎడ్లు ఒక రోజులో దున్నే నేల అని అప్పట్లో ఓ లెక్క.

ఈ ఫరో పొలంలోనే ఆగిపోలేదు, మనిషి ముఖం మీదికీ ఎక్కింది. దిగులుతోనో వయసుతోనో నుదుటిమీద పడే ముడతలనూ ఇంగ్లిషువాళ్లు ఆ పేరుతోనే పిలుస్తారు. లాటిన్‌వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. వాళ్లకు చాలు అంటే 'లీరా'. నాగలి చాలు తప్పితే 'డెలీరియం'. జ్వరం తలకెక్కి రోగి సంధి మాటలు మాట్లాడుతుంటే డాక్టర్లు వాడేది ఈ మాటనే!

మరి మనకో? సంస్కృతంలో నాగేటి చాలు పేరు 'సీత'. జనకుడు నేల దున్నుతుంటే దొరికింది కాబట్టే ఆ తల్లికి ఆ పేరు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సేద్యం చూసే అధికారి 'సీతాధ్యక్షుడు'.

ఇప్పుడు డెల్టాలో చాలే కరువవుతోంది. వరికోతకు రెండు మూడు రోజుల ముందు నిలువుచేలోనే మినుములు చల్లేస్తారు. వరి కోసిన మడిలో దున్నకుండానే మొక్కజొన్న విత్తుతారు. నేలలో తేమ నిలుస్తుంది, దుక్కి ఖర్చు మిగులుతుంది, అదునూ దాటిపోదు. రైతుకు అదే లాభం. తప్పుపట్టడానికేం లేదు.

పోయేదల్లా మాటలే. కొండ్ర, ఇరుసాలు, మేడి, కర్రు... బడిలో 'ఫరో'కు స్పెల్లింగు తప్పులేకుండా రాసే మనవడికి వీటిలో ఒక్కటీ తెలియదు. నాగలి అటకెక్కాక చెప్పేవాళ్లూ తగ్గిపోయారు.

ఈ ఆదివారం తాత పక్కన కూర్చుని 'కొండ్ర అంటే ఏంటి తాతా?' అని అడగమనండి. నుదుటి చాళ్లు విప్పారి, ఆయన ఓ పూటంతా చెబుతాడు!