ఎవరి ఆర్థిక భద్రత?

‘ఆర్థిక భద్రత’ అన్న మాట ఇప్పుడు అగ్రరాజ్యాల నోట తరచుగా వినిపిస్తోంది. జపాన్ 2022లో ఆ పేరుతో చట్టమే చేసింది. యూరోపియన్ యూనియన్ 2023 జూన్‌లో ఒక వ్యూహపత్రం ప్రకటించింది. అధునాతన చిప్‌లు చైనాకు అందకుండా అమెరికా 2022 అక్టోబరులో ఆంక్షలు పెడితే, మరుసటి ఏడాది చైనా గాలియం, జర్మేనియం ఎగుమతులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. 1994లో మరాకేష్‌లో గాట్ ఒప్పందంపై సంతకాలు చేయించి, తలుపులు తెరవడమే అభివృద్ధి అని మనకు పాఠం చెప్పింది ఈ సంపన్న దేశాలే. (చైనా ఆ బడిలో ఆలస్యంగా, 2001లో చేరింది.)

2025 ఆగస్టు 7 నుంచి అమెరికా మన సరుకులపై 25 శాతం సుంకం వేసింది. రష్యా నుంచి చమురు కొంటున్నామంటూ ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం కలిపింది. రష్యా చమురుకీ భీమవరం రొయ్యకీ ఏమిటి సంబంధం? 2024-25లో మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో 43,334 కోట్లు శీతలీకరించిన రొయ్యలదే. వాటిని అందరికంటే ఎక్కువగా కొన్నది అమెరికా. వాటిని పెంచడంలో ముందున్నది ఆంధ్రప్రదేశ్.

సుంకం పెరిగితే అక్కడి దిగుమతిదారు ధర తగ్గించమంటాడు. ఇక్కడి ఎగుమతిదారు ఆ తగ్గింపును చెరువు గట్టు మీద రైతు నెత్తిన వేస్తాడు. రైతు పిల్ల వేయడం తగ్గిస్తాడు. చివరికి షెడ్డుకు సరుకు రాదు. అక్కడ రొయ్య తల తీసి, పొట్టు ఒలిచి, నరం లాగేది ఎక్కువగా ఆడవాళ్లే. చాలాచోట్ల కూలి కిలోల లెక్కన. ఐసులో నానిన వేళ్లు చూపిస్తూ ఒకామె నాతో అంది: “వ్యాను రాలేదంటే అమెరికాలో ఏదో అయ్యిందంటారండి. ఏవయ్యిందో మాకేం తెలుద్ది?” సరుకునైతే కోల్డ్ స్టోరేజీలో దాచుకోవచ్చు. ఆమె పనిదినాన్ని ఎక్కడ దాస్తారు?

ఇక్కడ మనకూ ఒక ఇబ్బంది ఉంది. తొంభైలలో ఈ చెరువుల వల్ల మంచినీళ్లు ఉప్పుబారిపోతున్నాయని తీరం వెంట ముందుగా గొంతెత్తినవాళ్లలో స్త్రీలున్నారు. తీర నియంత్రణ ప్రాంతంలో రొయ్యల పరిశ్రమను నిషేధిస్తూ 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ పోరాటం తప్పని నేననను. కానీ నీళ్లు పోయిన ఊళ్ల ఆడవాళ్లకే ఈ షెడ్లు దిక్కయ్యాయి. చెరువు వచ్చినప్పుడు ఎవరూ వాళ్లనడగలేదు, ఇప్పుడు మార్కెట్టు పోయినప్పుడూ అడగలేదు.

2025 నవంబరులో కేంద్రం ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌కు 25,060 కోట్లు కేటాయించింది. ఎగుమతిదారులకు రుణ హామీ కూడా ప్రకటించింది. తప్పు పట్టను. అయితే ఆ లెక్కల్లో కిలోల కూలి మనిషి కనిపించదు. ఆమెను తీసుకొచ్చేది మేస్త్రీ, డబ్బు ముట్టేదీ అతని చేతి మీదుగానే. ఫ్యాక్టరీ రిజిస్టరులో పేరు లేని మనిషికి పని పోయిందని రుజువు చేసేదెలా? ఆ తర్వాత బేరాలు జరిగాయి, రేట్లు మారాయి. ఆమె కోల్పోయిన రోజులకు మాత్రం ఎవరూ బాకీ పడలేదు.

షెడ్డులో పనిచేసే ప్రతి స్త్రీ పేరూ, పనిచేసిన రోజులూ, వ్యాను రాని రోజులూ నమోదు కావాలనీ, ఎగుమతిదారుకిచ్చే ఏ రాయితీకైనా ఆ రిజిస్టరే షరతు కావాలనీ మనం కార్మిక శాఖను అడగాలి.