సముద్రాన్ని చూడండి.. దిగకండి!

సెలవొస్తే చాలు, విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు కార్లతో, బైకులతో కిక్కిరిసిపోతోంది. తొట్లకొండ, బావికొండల మీద బౌద్ధారామాలు, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో డచ్చివారి సమాధులు, గోస్తని సముద్రంలో కలిసే చోటు.. ఒక్క దారిలో ఇంత చరిత్ర ఉంది. పిల్లలకు చూపించాల్సిందే. కానీ దారిలో నచ్చిన చోటల్లా బండి ఆపి నీళ్లలోకి దిగడం ప్రాణాంతకం. 2022 జూలైలో పూడిమడక తీరానికి సరదాగా వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు శవాలై ఇళ్లకు చేరారు. ఆ కడుపుకోత మరే తల్లికీ రాకూడదు.

ఈ తీరం తీరే వేరు. కొండలు కడలి అంచుదాకా వచ్చిన చోట ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది. మోకాలి లోతని నిలబడితే మరో రెండడుగుల్లో మెడదాకా రావచ్చు. అంతకన్నా పెద్ద ముప్పు నీటి లాగుడు. కెరటాలు ఒడ్డుకు తెచ్చిపోసిన నీరంతా సన్నని పాయగా మళ్లీ లోపలికి దూసుకుపోతుంది. ఆ పాయ ఉన్నచోట కెరటాలు విరగవు. అటూ ఇటూ తెల్లని నురగ, మధ్యలో మాత్రం నిలకడగా కనిపించే నీరు. ఇక్కడ అలల్లేవు, భయం లేదనుకుని పిల్లల్ని సరిగ్గా అక్కడికే తీసుకెళతాం. అదే మృత్యుముఖం!

లాగుడులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకండి. గజ ఈతగాళ్లకైనా సత్తువ చాలదు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేకలు వేయండి. ఈత వస్తే తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తప్పాక ఒడ్డుకు రండి. ఒడ్డున ఉన్నవారు ఆవేశంగా దూకొద్దు. ఒకరి కోసం మరొకరు దిగి కుటుంబాలే తుడిచిపెట్టుకుపోతున్నాయి. తాడు, ట్యూబు, మూత బిగించిన ఖాళీ క్యాను.. తేలేది ఏదున్నా విసరండి. లైఫ్‌గార్డులను పిలవండి. వెంటనే 112కు గానీ, కోస్ట్‌గార్డు నంబరు 1554కు గానీ ఫోన్ చేయండి.

పాచి పట్టిన రాళ్లపై సెల్ఫీలు వద్దు. ఆకాశం నిర్మలంగా ఉందని ధీమా పడొద్దు. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో లేచిన కెరటాలు రోజుల తరబడి ప్రయాణించి మన ఒడ్డును ఒక్కసారిగా ముంచెత్తగలవు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరిక చూశాకే బయల్దేరండి. వాయుగుండం ఉందంటే ప్రయాణం మానుకోండి. కాకినాడ-ఉప్పాడ దారిలో అలాంటి రోజుల్లో అలలు రోడ్డుమీదికే వచ్చి పడతాయి. మద్యం తాగి నీళ్లలో దిగడమంటే చావును పిలవడమే.

యంత్రాంగమూ మేలుకోవాలి. ప్రమాదం జరిగాక పడవలతో గాలించడం కాదు, జరగకముందే ఆపాలి. లాగుడు ఉన్నచోట ఎర్రజెండా, తెలుగుతోపాటు హిందీ, ఒడియాల్లో బోర్డులు, సెలవు రోజుల్లో అదనపు లైఫ్‌గార్డులు ఉండాలి. ఎక్కడ నీరు లాగుతుందో ఆ ఊరి మత్స్యకారులకు బాగా తెలుసు. వారికి శిక్షణ, జీతం ఇచ్చి కాపలా పెడితే తీరానికి అంతకుమించిన రక్షణ లేదు.

ఈ ఆదివారం బయల్దేరేవారు ఇంట్లోనే ఒక మాట అనుకోండి: లైఫ్‌గార్డు లేనిచోట ఎవరమూ నీటిలో దిగం. పిల్లలు ఎంత మారాం చేసినా ఆ మాట తప్పకండి.